వాననీరు తాగిన తెరచాప పడవ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా మేనమామగారు చెన్నైలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక చిన్న తెరచాప పడవ కొనుక్కున్నారు. ఎంటర్‌ప్రైజ్ రకం, ప్లైవుడ్‌తో చేసినది. ఆయన పోయాక పన్నెండేళ్ళుగా అది మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో పడి ఉంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఒక రేకు లేచిపోయి పడవ నిండా వాననీరు నిలిచింది; చాలా రోజులు ఎవరమూ తోడలేదు. ఇప్పుడు దాన్ని బాగుచేసి మా పిల్లలకు తెరచాప నేర్పించాలని ఉంది. 60 వేల రూపాయలకు మించి పెట్టలేను. మా వడ్రంగి గీకి రంగు వేస్తే చాలంటున్నారు. ఫైబర్ పని చేసే మరొకరు మొత్తం పడవకు ఫైబర్ చుట్టేద్దామంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. రంగు వేసినా ఫైబర్ చుట్టినా చెక్కలో ఉన్న తడి లోపలే చిక్కుకుపోతుంది, ఆ తడి ఉన్నన్నాళ్ళూ పైకి ఎంత నిగనిగలాడినా లోపల చెక్క చివుకుతూనే ఉంటుంది. మీ దగ్గర డబ్బు తక్కువగా ఉంది కానీ సమయం ఉంది. ఈ పనిలో మొదటి రెండు నెలలు చేయవలసినదంతా సమయంతోనే అవుతుంది, డబ్బుతో కాదు.

పడవను సముద్రపు నీరు పాడుచేస్తుందని చాలామంది అనుకుంటారు. ఇనుము విషయంలో అది నిజమే, కానీ చెక్కకు అసలు శత్రువు వాననీరు. చెక్కను తినే శిలీంధ్రానికి తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. ఉప్పు దానికి గిట్టదు. చెక్కలోని తేమ సుమారు 20 శాతం కంటే తగ్గితే అది పెరగలేదు. నీళ్ళలో తిరుగుతూ ఉండే పడవ కంటే షెడ్డులో వాననీరు పట్టుకుని కూర్చున్న పడవ త్వరగా చివికిపోవడానికి కారణం ఇదే. మీ పడవలో ఆ డిసెంబరులో నిలిచిన నీరు ఎక్కడెక్కడికి ఇంకిందో తెలుసుకోవడం మీ మొదటి పని.

దానికి ఒక స్క్రూడ్రైవరు, ఒక సుద్దముక్క, తీరికగా ఒక ఉదయం ఉంటే చాలు. పడవను బోర్లించి, స్క్రూడ్రైవరు పిడితో బెత్తెడు దూరానికి ఒక దెబ్బ చొప్పున అంతటా తట్టుతూ వెళ్ళండి. గట్టి చెక్క టక్కుమని పలుకుతుంది. చివికిన చెక్క తడిసిన అట్టను కొట్టినట్టు బొదబొదమంటుంది. పది నిమిషాలు తట్టేసరికి ఆ తేడా మీ చెవికి పట్టుబడుతుంది. మెత్తగా పలికిన ప్రతి చోటా సుద్దతో గుండ్రంగా గీసి, స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. మొన నిలిచిపోతే రంగు పొర మాత్రమే లేచిందని అర్థం. మగ్గిన బొప్పాయిలోకి దిగినట్టు దిగితే ఆ ముక్క తీసేయవలసిందే. పక్కపలకా అడుగుపలకా కలిసే అంచు, వెనుకపలక అడుగుభాగం, తెరచాప కొయ్య మొదలు కూర్చునే దిమ్మ, నడుమ సెంటర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా నీటిలోకి దించే పలక) దిగే పెట్టె చుట్టూ ఉన్న అతుకులు, ఈ నాలుగు చోట్లా మరింత ఓపికగా చూడండి. నేను చూసిన పాత ప్లైవుడ్ పడవల్లో సెంటర్‌బోర్డు పెట్టె అడుగు చెడకుండా ఉన్నది ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. నీరు వాలి చేరే చోటు అదే, చేయి దూరని చోటూ అదే.

మరొక పరీక్షకు పాత ఇనుప సామాను కొనే కొట్టుకు వెళ్ళాలి. ఎంటర్‌ప్రైజ్ పడవను 1956లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్ అనే ఆయన రూపొందించారు. దాని పొడవు 4.04 మీటర్లు, కొయ్య, తాళ్ళు, చుక్కాని తీసేస్తే వట్టి పడవ బరువు సుమారు 90 కిలోలు ఉండాలి. నలుగురు మోసుకెళ్ళి కాటా మీద పెడితే మీ పడవ 110 తూగిందనుకోండి, మునుపు ఎవరైనా మరమ్మతు పేరుతో అదనపు పొరలు వేసి ఉంటే తప్ప, ఆ ఎక్కువలో చాలా భాగం చెక్క తాగిన నీరే. ఆ అంకె గోడమీద రాసి పెట్టుకోండి.

ఇక ఎండబెట్టడం. లోపలి రంగు గీకేసి, మూతలూ పలకలూ విప్పి, పడవను నేల నుంచి రెండడుగుల ఎత్తున పాత టైర్ల మీదనో ఇటుకల మీదనో నిలిపి, నీడలోనే గాలి ఆడేలా ఉంచండి. నేరుగా మండుటెండలో పెడితే పైపొర త్వరగా బిగుసుకుని ప్లైవుడ్ పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. చెన్నైలో దీనికి మంచికాలం ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వరకూ ఉన్న రోజులు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి తేమ మోసుకొస్తుంది కనుక, ఉదయం తెరిచి, ఆ గాలి తిరిగాక టార్పాలిన్ కప్పడం అలవాటు చేసుకోండి. వారానికోసారి తూకం వేయించండి. వరుసగా రెండు వారాలు బరువు తగ్గకపోతే ఆరవలసినంత ఆరిందన్నమాట. తేమ కొలిచే చిన్న యంత్రం ఎవరి దగ్గరైనా అరువు దొరికితే, 12 శాతం దరిదాపుల్లో చూపితే నిశ్చింతగా పని మొదలుపెట్టవచ్చు.

రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. మీ పడవ రంగు అంతకంటే చాలా పాతది. పొడిగా గీకితే ఆ ధూళి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళతో తడుపుతూ సాండ్‌పేపరు పట్టండి, మంచి మాస్కు కట్టుకోండి, రాలిన ముద్దను ఎత్తి సంచిలో కట్టేయండి, ఆ పని జరుగుతున్నంతసేపూ పిల్లల్ని అటు రానీయకండి.

డబ్బు సంగతి. 60 వేలలో 10 వేలు ఇప్పుడే తీసి పక్కన పెట్టండి, ఎందుకంటే పాత పడవలో ఒక పలక విప్పితే దాని వెనుక మరొక ఖర్చు కనబడుతుంది. మిగిలిన దానిలో సగం ప్లైవుడ్, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), స్క్రూలకు కేటాయించండి. ఆ తర్వాతి వాటా కొయ్యను నిలబెట్టే తీగలకు, తాళ్ళకు, లైఫ్ జాకెట్లకు. చివరకు ఏం మిగిలితే అది రంగుకు. కొత్త తెరచాప ఈ ఏడాది వద్దు.

ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే తీసుకోండి. ఐఎస్ 303 ముద్రతో వచ్చేది అలమరలకు మంచిదే కానీ పడవకు పనికిరాదు. ముద్రను మాత్రమే నమ్మవద్దు. షీటు కొనే ముందు ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని ఇంట్లో కొన్ని గంటలు నీళ్ళలో ఉడకబెట్టండి. పొరలు విడిపోతే ఆ కొట్టు మార్చేయండి. కొత్త ముక్కను పాతదానికి అంచుకు అంచు ఆనించి అతకకూడదు. రెండు అంచులనూ ఏటవాలుగా చిత్రిక పట్టి ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టాలి, ఆ వాలు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. అంటే 6 మిల్లీమీటర్ల పలకకు 48 మిల్లీమీటర్ల వాలు. మీ వడ్రంగి చేతి నైపుణ్యం నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే.

అతకడానికి ఎపాక్సీ వాడండి. ఫైబర్ చుట్టుదామన్నవారు వాడబోయేది బహుశా పాలియెస్టర్ రెసిన్. ఫైబర్ పడవలకు అది చక్కగా సరిపోతుంది కానీ పాత చెక్కను గట్టిగా పట్టుకోదు. నా మిత్రుడి పడవకు ఒక వర్క్‌షాపులో అలాగే చుట్టించారు. ఏడాది తిరగకముందే ఆ పొర అరటిపట్టలా ఊడివచ్చింది, దాని కింద అప్పటిదాకా బాగున్న చెక్క కూడా నల్లబడి ఉంది. ఎపాక్సీలో రెసిన్‌ను, హార్డెనర్‌ను డబ్బామీద చెప్పిన పాళ్ళలో తూచి కలపాలి, కంటి అంచనాతో కాదు. ఒక్కసారి కలిపేది కొద్దిగానే ఉండాలి. తొలిరోజుల్లో నేను ఒక మే నెల మధ్యాహ్నం అరలీటరు ఒకేసారి ప్లాస్టిక్ మగ్గులో కలిపాను. పది నిమిషాల్లో అది పొగలు కక్కి మగ్గును కరిగించేసింది, ఆ రోజు డబ్బంతా వృథా అయింది. వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పోసుకుంటే వేడి నిలవదు. పూసే వేళ కూడా ముఖ్యం. ఉదయం పూట చెక్క వేడెక్కుతూ లోపలి గాలిని బయటికి నెట్టి బుడగలు లేపుతుంది. సాయంత్రం చల్లబడుతున్నప్పుడు పూస్తే అదే చెక్క ఎపాక్సీని లోపలికి పీల్చుకుంటుంది. మన ఊరి తేమకు మరునాటికి పైన జిడ్డులాంటి పొర ఏర్పడుతుంది. దాన్ని నీళ్ళతో, గిన్నెలు తోమే పీచుతో కడిగి ఆరాకనే సాండ్‌పేపరు పట్టి తర్వాతి పూత వేయాలి.

స్క్రూల దగ్గర పొదుపు చేయవద్దు. ఇత్తడి స్క్రూలోని జింకును ఉప్పునీరు తినేస్తుంది, మిగిలింది చేత్తో విరిచినా విరుగుతుంది. ప్యారిస్ కార్నర్ దగ్గర సెంబుదాస్ వీధి కొట్లలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని పట్టుబట్టి అడగండి. 304 రకం కొన్నాళ్ళకు తుప్పు మరకలు వేస్తుంది. అల్యూమినియం కొయ్యకు స్టీలు బిగించిన ప్రతి చోటా ఆ రెంటి మధ్య ఒక ప్లాస్టిక్ పలక పెట్టించండి, లేకపోతే ఉప్పు తడికి అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. తీగల వెంట ఒక పాత నూలుగుడ్డ పట్టి లాగండి. ఎక్కడైనా దారం చిక్కుకుంటే అక్కడ ఒక పోగు తెగిందని అర్థం, ఆ తీగను ఇక వాడకూడదు.

తెరచాపను సబ్బునీళ్ళలో నానబెట్టి మంచినీళ్ళతో కడిగి నీడన ఆరేయండి. ఎండకు ముందు చెడేది గుడ్డ కాదు, కుట్టు. కుట్టు మీద గోటితో గట్టిగా గీరితే దారం పొడిపొడిగా తెగితే మళ్ళీ కుట్టించాలి. పాలియెస్టర్ దారంతో మందపాటి టార్పాలిన్లు కుట్టే దర్జీ ఎవరైనా ఆ పని చేయగలరు. పోటీలకు పనికిరాని తెరచాప కూడా పిల్లలు నేర్చుకోవడానికి ఇంకా చాలాకాలం పనిచేస్తుంది.

రంగు మాత్రం వేయడం మానకండి, ఎపాక్సీ ఎండకు తట్టుకోలేదు. రెండు డబ్బాలు కలిపి వేసే ఖరీదైన పాలీయురేథేన్ రంగు లేకపోయినా, నేలమీద ఉంచే పడవకు మంచి సింథటిక్ ఎనామెల్ సరిపోతుంది. ముందు ఒక మూల పూసి అది ఆరుతుందో లేదో చూడండి. నత్తగుల్లలు పట్టకుండా అడుగుకు వేసే ప్రత్యేకమైన రంగు ఎప్పుడూ నీటిలోనే కట్టి ఉంచే పడవలకు, మీకు అక్కరలేదు.

ప్రశ్న: మా తాతగారిది కాకినాడ దగ్గరి తాళ్ళరేవు. అక్కడ పడవల సందుల్లో దూది కూరి, గుగ్గిలం, నూనె కలిపి పూసేవారని చెప్పేవారు. తక్కువ ఖర్చులో అదే పద్ధతి ప్లైవుడ్ పడవకు వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, రాయపురం, చెన్నై

జవాబు: మీ తాతగారు చెప్పినది ఎంతో అనుభవం నుంచి పుట్టిన విద్య. తాళ్ళరేవు, కోరంగి తీరాన ఓడలు కట్టినవారు దాని మీదే ఆధారపడ్డారు. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును దెబ్బతీసినా ఆ చేతిపని తెలిసినవారు చుట్టుపక్కల మిగిలారు. అయితే ఆ పద్ధతి పలక పక్కన పలక పేర్చి కట్టిన పడవలది. అక్కడ పలక నీరు పీల్చి ఉబ్బుతుంది, సందులోని దూది నలిగి బిగుసుకుంటుంది, నీరు ఆగిపోతుంది. అందుకే అటువంటి పడవను దింపిన మొదటి రోజు నీరు కారడం సహజమనీ, రెండు మూడు రోజుల్లో అదే ఆగుతుందనీ వారికి తెలుసు. ప్లైవుడ్ అలా ఉబ్బకూడదు, ఉబ్బితే పొరలు విడిపోతాయి. దాని అంచుల్లో ఉలితో దూది కూరితే పొరలను మనమే చీల్చినట్టవుతుంది. గుగ్గిలం పూత పెళుసుగా ఉండి, పలుచటి ప్లైవుడ్ వంగినప్పుడల్లా పగుళ్ళు తీస్తుంది. మీ ఊళ్ళో పలకల పడవ ఒకటి ఇంకా మిగిలి ఉంటే మాత్రం, దాని సందుల్లో ఎపాక్సీ పోయకుండా ఆ పాత పద్ధతే పాటించమని నా మనవి. గట్టిపడిన ఎపాక్సీ పలకను ఉబ్బనీయదు, ఉబ్బే పలక పక్కదాన్ని పగలగొడుతుంది.

ప్రశ్న: మరమ్మతు పూర్తయిన పడవను మొదటిసారి నీటిలో దింపే ముందు ఏం చూసుకోవాలి? నేరుగా సముద్రంలోకి తీసుకెళ్ళవచ్చా?
— ఒక పాఠకుడు, ఎన్నూరు

జవాబు: సముద్రంలోకి వద్దు. చెన్నై నౌకాశ్రయం పరిధిలో అనుమతి లేకుండా పడవ దింపకూడదు, బయటి తీరంలో విరిగే అలలు చిన్న పడవను నిమిషంలో తిరగవేస్తాయి. నౌకాశ్రయం లోపల 1911 నుంచి నడుస్తున్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ వంటి చోట, తెలిసినవారి పర్యవేక్షణలో మొదలుపెట్టడం మంచిది.

దింపే ముందు పడవలోని గాలి అరలను (నీరు నిండినా పడవను తేల్చే మూసిన అరలను) పరీక్షించండి. చిన్న గొట్టంతో నోటితోనే గాలి ఊది, అతుకుల వెంట సబ్బునీరు పూయండి. బుడగలు లేచిన చోట కన్నం ఉంది. కంప్రెసరు వాడవద్దు, ఆ ఒత్తిడికి అర పగిలిపోతుంది. అరల బదులు గాలి సంచులు ఉంటే నిండా ఊది రాత్రంతా వదిలేసి, తెల్లవారి ఎంత మెత్తబడ్డాయో చూడండి, వాటిని కట్టిన పట్టీలను గట్టిగా లాగి చూడండి. ఆ తర్వాత గాలి లేని రోజున, నడుములోతు నీటిలో, ఇద్దరు పెద్దవాళ్ళు లైఫ్ జాకెట్లు తొడుక్కుని పడవను కావాలనే పక్కకు తిరగవేయండి. అయిదు నిమిషాలు అలాగే వదిలి, తిరిగి నిలబెట్టండి. నీళ్ళతో నిండి కూడా పడవ మట్టంగా తేలి, ఒకరు లోపలికెక్కి బక్కెట్టుతో తోడుతుండగా అంచు మునగకుండా నిలిస్తే అప్పుడు పిల్లల్ని ఎక్కించండి. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క అరలో నీరు చేరిందన్నమాట, ఆ రోజుకు పడవను ఒడ్డుకు లాగి మూత విప్పి చూడండి.