సృష్టి, సినిమా, వార్త: ప్రసంగంలో వీటి చోటెక్కడ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రకృతిలోనూ మన కాలపు కథల్లోనూ దేవుని పనిని చూపించే ప్రసంగాల గురించి వచ్చిన ఐదు ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: వందనాలండీ. యవనస్థుల కూటంలో సినిమా కథల నుంచి ఉదాహరణలు తీసుకుని వాక్యం చెబుతున్నాను. పిల్లలు శ్రద్ధగా వింటున్నారు గానీ పెద్దలు "లోకాన్ని సంఘంలోకి తెస్తున్నావు" అంటున్నారు. దీనికి లేఖనాధారం ఉందా? ఉంటే హద్దు ఎక్కడ?
– ఒక యవనస్థుల నాయకుడు

జవాబు: ఆధారం ఉంది. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీయండి. ఏథెన్సు విగ్రహాలతో నిండి ఉండడం చూసి పౌలు ఆత్మ పరితాపం పట్టలేకపోయింది (16వ వచనం). అయినా అరేయొపగు సభలో నిలబడ్డాక తిట్టుతో మొదలుపెట్టలేదు. ఊరంతా తిరిగి చూశాడు. "తెలియబడని దేవునికి" అని రాసి ఉన్న బలిపీఠం దగ్గర మాట అందుకున్నాడు. 28వ వచనంలో వాళ్ల కవుల మాటే ఎత్తాడు. "మనమాయన సంతానము" అన్న ఆ మాట క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దపు అరాటస్ కావ్యంలోది. ఆ కవి కూడా పౌలులాగే కిలికియ ప్రాంతపువాడు. మూలంలో ఆ పంక్తి గ్రీకుల దేవుడైన ద్యుపతి (జ్యూస్) గురించి చెప్పింది. పౌలు దాన్ని తీసుకున్నాడు గానీ ఉన్నదున్నట్టు వదిలిపెట్టలేదు. మనం ఆయన సంతానమైతే ఆయన బంగారాన్నో వెండినో రాతినో పోలినవాడు కాడని 29లో సరిదిద్దాడు. 30లో మారుమనస్సుకు పిలిచాడు, 31లో పునరుత్థానం ప్రకటించాడు. అక్కడే కొందరు అపహాస్యం చేశారు. దియొనూసి, దమరి మొదలైనవారు నమ్మారు.

మీరడిగిన హద్దు ఆ ప్రసంగంలోనే ఉంది. వినేవాళ్లకు తెలిసినచోట మొదలుపెట్టవచ్చు, పునరుత్థానం చేరకుండా మాత్రం ముగించకూడదు. బలిపీఠం దగ్గర మొదలై బలిపీఠం దగ్గరే ఆగిపోయే ప్రసంగాలు చాలా ఉన్నాయి. మీ పెద్దల భయం అదే అయితే ఆ భయం న్యాయమైనదే, వారితో కూర్చుని మాట్లాడండి.

ఇక తయారీ. ముందు వాక్యభాగం తీసుకోండి, సినిమా తర్వాత. సినిమా నచ్చి దానికి వచనం వెతికితే వచనం వంగిపోతుంది. వాక్యం తేటపడ్డాక, ఆ కథను మొదటి నుంచి చివరి దాకా చూసి నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ కథ దేన్ని చెడు అంటోంది? ఎవరు, లేక ఏది రక్షిస్తోంది? ఆ రక్షణకు వెల ఎవరు చెల్లించారు? చివరికి తీరని ఆకలి ఏది? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు దొరికినచోటే సాధారణంగా సువార్తకు ద్వారం ఉంటుంది.

ఉదాహరణకు పగ తీర్చుకునే కథ ఏదైనా తీసుకోండి. అన్యాయానికి తీర్పు జరగాలన్న కోరిక నిజమైనదే. ప్రకటన 6:10లో హతసాక్షులు అడిగేదీ అదే. కానీ కథానాయకుడు తీర్పును తన చేతిలోకి తీసుకుంటాడు, రోమా 12:19 దాన్ని దేవుని చేతికి వదలమంటుంది. ఆ తేడాలోనే మీ ప్రసంగం ఉంది. అలాగే ప్రేమించినవారి కోసం ప్రాణమిచ్చే కథలు. వాటిని "క్రీస్తులాంటివాడు" అని తేల్చేయకండి. రోమా 5:7-8 చదివితే, మంచివాని కోసం ఎవడైనా చావడానికి తెగించవచ్చు, క్రీస్తు మాత్రం మనమింకా పాపులమై ఉండగానే చనిపోయాడని ఉంది. పోలిక దగ్గర ఆగక పోలిక తెగేచోటును చూపించండి. కుర్రవాళ్లు అక్కడే తలెత్తి చూస్తారు.

తప్పులు జరిగేచోట్లు మూడు. కథ చెప్పడానికి పది నిమిషాలు తీసుకోవడం (నాలుగు వాక్యాల్లో చెప్పలేకపోతే ఆ కథ వద్దు). చూడకుండా ఎవరో చెప్పింది విని వాడడం. సినిమాలోని హింస గురించీ అసభ్యత గురించీ ఒక్క మాటా అనకపోవడం: అలా అనకపోతే మీరు దాన్ని చూడమన్నట్టే. చివరగా ఒక పరీక్ష: ఆ ఉదాహరణ కొట్టేసి ప్రసంగం మళ్లీ చదవండి. సందేశం నిలబడితే ఉదాహరణ ఉంచండి, కూలిపోతే తీసేయండి.

ప్రశ్న: గద్ద 40 ఏళ్లకు కొండెక్కి, ముక్కును బండకు కొట్టి విరగ్గొట్టుకుని, ఈకలు పీక్కుని, 150 రోజుల తర్వాత కొత్త ముక్కుతో మరో 30 ఏళ్లు బతుకుతుందని ప్రసంగాల్లో వింటున్నాం. యెషయా 40:31కి ఇది మంచి ఉదాహరణేనా?
– ఒక సండేస్కూల్ టీచర్

జవాబు: దయచేసి వాడకండి. అది నిజం కాదు. గద్ద ముక్కు ఎముక మీద కెరటిన్ పొర. మన గోళ్లలా అది ఎప్పుడూ పెరుగుతూ, వాడకంతో అరుగుతూ ఉంటుంది. ముక్కు విరిగితే మాంసం చీల్చలేదు. 150 రోజులు ఆగనక్కర్లేదు, చాలా ముందే ఆకలితో చనిపోతుంది. ఈకలు నిజంగానే మారతాయి. కాకపోతే ఒకేసారి కాదు, కొన్ని కొన్నిగా రాలి మొలుస్తాయి. అందుకే ఎగిరే శక్తి పోదు. పెద్ద గద్దల్లో ఈకలన్నీ మారడానికి ఏడాదికి పైనే పడుతుంది.

నిజంలోనే ప్రసంగానికి సరిపడా ఉంది. ఎండకు వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తుంది. గద్ద వెడల్పాటి రెక్కలు చాపి ఆ గాలిలో గుండ్రంగా తిరుగుతూ, దాదాపు రెక్క ఆడించకుండానే ఎత్తుకు చేరుతుంది. యెహోవా కొరకు ఎదురుచూచువారు పక్షిరాజులవలె రెక్కలు చాపి పైకి ఎగురుదురన్న వచనం పక్కన దీన్ని పెట్టవచ్చు. "ఇది మన పరిశీలన, వచనం గాలి గురించి చెప్పలేదు" అని మాత్రం ఒక్క మాట అనండి.

ఇలాంటివి మరో రెండు: లామినిన్ అనే ప్రొటీన్ సిలువ ఆకారంలో ఉండి శరీరాన్ని పట్టి ఉంచుతుందని కొలొస్సయులకు 1:17కి జతచేయడం, యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచినప్పుడు తప్పిపోయిన రోజును అంతరిక్ష శాస్త్రవేత్తల కంప్యూటర్ కనిపెట్టిందని చెప్పడం. మొదటిది పుస్తకాల్లోని బొమ్మను బట్టి పుట్టింది. అసలు అణువు వంగుతుంది, రకరకాల ఆకారాల్లో కనిపిస్తుంది. రెండోది కట్టుకథ.

4వ శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిలు సృష్టి ఆరు దినాల మీద తొమ్మిది ప్రసంగాలు చేశాడు. వినేవారిలో చేతిపనివారు చాలామంది. పాములాంటి ఈల్ చేపలు బురదలోంచి పుడతాయని చెప్పాడు, ఆనాటి పండితులూ అలాగే నమ్మేవారు. తన కాలపు జ్ఞానంలో దొరికిన మంచిని వాడాడు. మనం మన కాలపు జ్ఞానాన్ని వాడాలి. జీవి గురించి చెప్పేముందు ఆ జీవిని అధ్యయనం చేసినవారు రాసినది ఒకటైనా చదవండి. తరగతిలో జీవశాస్త్రం చదివే ఒక పిల్ల ఈ అబద్ధం పట్టుకుంటే, పునరుత్థానం గురించి మీరు చెప్పేదాన్నీ అదే కంటితో చూస్తుంది.

ప్రశ్న: పువ్వులూ పక్షులూ చూపి దేవుని ప్రేమ చెబుతాం. తుఫాను, రోగం, వేటాడే మృగం మాటేమిటి? పెద్ద ప్రమాదం జరిగిన వారం ఏం ప్రసంగించాలి?
– ఒక సంఘ కాపరి

జవాబు: అయ్యగారూ, బైబిలు సృష్టిలోని ఆ సగాన్ని దాచదు. కీర్తన 104:21లో సింహపు పిల్లలు వేట కోసం గర్జిస్తూ తమ ఆహారాన్ని దేవుని చేతిలోంచి తీసుకోజూస్తాయి. యోబు 38 నుంచి 41 వరకు దేవుడు చూపించే జీవుల్లో మనకు ఉపయోగపడేవి తక్కువ, భయపెట్టేవి ఎక్కువ. రోమా 8:22 సృష్టి ఏకంగా మూలుగుతోందంటుంది. పూలు మాత్రమే చూపే ప్రసంగం, ఆసుపత్రి నుంచి నేరుగా ఆరాధనకు వచ్చినవారిని బయటే వదిలేస్తుంది.

ప్రమాదం విషయంలో లూకా 13:1-5 దగ్గర నిలవండి. సిలోయములో గోపురం పడి 18 మంది చనిపోయిన వార్తను యేసే ఎత్తాడు. వారు మిగతావారికంటే అపరాధులా అని అడిగి, కారని చెప్పి, మారుమనస్సు పిలుపును వింటున్నవారి వైపు తిప్పాడు. మీరూ ఆ క్రమమే పాటించండి. జరిగినదాన్ని నిర్ధారించుకుని రెండు వాక్యాల్లో చెప్పండి. ప్రార్థన ప్రసంగానికి ముందే చేయండి. "ఇది ఫలానా పాపానికి శిక్ష" అని ఎన్నడూ అనకండి. చనిపోయినవారి బంధువు మూడో వరుసలో కూర్చుని ఉండవచ్చు. సహాయం ఎలా చేయాలో ప్రకటనల్లో చెప్పండి, ప్రసంగంలో కలపకండి. దుఃఖం పచ్చిగా ఉన్న వారంలో కీర్తన 13 లాంటి విలాపం చదివి త్వరగా ముగించినా తప్పులేదు.

ప్రశ్న: "దేవుడు ఈ కాలపు ఉద్యమాల్లో మాట్లాడుతున్నాడు" అనడం సరైనదేనా?
– ఒక వేదాంత విద్యార్థి

జవాబు: సాక్ష్యం ఉందనడం వేరు, ప్రత్యక్షత (దేవుడు తన్ను తాను బయలుపరచుకోవడం) ఉందనడం వేరు. సంస్కరణ సంఘాలు పాటించే 1561 నాటి బెల్జిక్ విశ్వాస ప్రమాణం రెండో అంశం సృష్టిని అందమైన పుస్తకంతో పోల్చి, దేవుడు తన్ను మరింత తేటగా తెలియజేసుకునేది వాక్యంలోనే అంటుంది. 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ లేఖనాలను మసక చూపువాడికి ఇచ్చిన కళ్లద్దాలన్నాడు. కీర్తన 19 కూడా ఆరు వచనాలు ఆకాశాల గురించి చెప్పి, ఏడో వచనంలో ధర్మశాస్త్రానికి తిరుగుతుంది.

ఈ తేడా చెరిగిపోతే ఏమవుతుందో 1930ల జర్మనీలో కనిపించింది. జాతిలో, చరిత్రలో, నాయకుడిలో దేవుని స్వరం వినిపిస్తోందని "జర్మన్ క్రైస్తవులు" అనే వర్గం ప్రకటించింది. దానికి జవాబుగా, ఆ వర్గాన్ని ఎదిరించిన జర్మన్ సంఘాల నుంచి 1934 మేలో బార్మెన్ ప్రకటన వచ్చింది. లేఖనాల్లో సాక్ష్యమివ్వబడిన యేసుక్రీస్తే మనం వినవలసిన దేవుని ఏకైక వాక్యమని దాని మొదటి అంశం. అందుకే వేదిక మీద ఒక ఉద్యమాన్ని మెచ్చుకునేముందు చూడండి: క్రీస్తు దాన్ని సరిదిద్దే మాట ఒక్కటైనా మీ ప్రసంగంలో ఉందా? లేకపోతే మీరు ఉద్యమానికి ఆమేన్ చెప్పారంతే.

ప్రశ్న: ఆరుబయట సృష్టి ఆరాధన పెట్టాలనుకుంటున్నాం. ప్రసంగం ఎలా ఉండాలి?
– స్త్రీల సమాజ కార్యదర్శి

జవాబు: 15 నిమిషాలు దాటనివ్వకండి. ఆరుబయట చెవి త్వరగా అలిసిపోతుంది. సూర్యుడు వినేవారి వెనక ఉండాలి, ఎండ కళ్లలో పడేది ప్రసంగీకునికే. గాలి మీ వైపు నుంచి వారి వైపు వీచేలా నిలబడితే మాట చేరుతుంది. మైకుకు నురగ తొడుగు తప్పనిసరి, లేకపోతే గాలి హోరు తప్ప ఏమీ వినిపించదు.

కీర్తన 104 బాగా కుదురుతుంది. 35 వచనాలూ వివరించబోకండి. మొత్తం చదివించి, 24 నుంచి 30 వరకు మాత్రం తీసుకోండి. మధ్యలో ఐదు నిమిషాలు మౌనంగా నడవమని పంపేటప్పుడు ఒక్క ప్రశ్న ఇవ్వండి: "మన ప్రమేయం లేకుండా దేవుడు పోషిస్తున్నది ఇక్కడ ఏది?" ప్రశ్న ఇవ్వకపోతే అందరూ ఫోన్లో ఫోటోలు తీసుకుంటూ ఉండిపోతారు. తిరిగొచ్చాక ముగ్గురు నలుగురిని చెప్పనిచ్చి, వారు చూసినదాన్నుంచే మత్తయి 6:26కి ("ఆకాశపక్షులను చూడుడి"), అక్కడినుంచి ఆ మాట పలికిన ప్రభువు దగ్గరికి తీసుకెళ్లండి. నడవలేనివారికి ముందే నీడలో కుర్చీలు వేయించి, అదే ప్రశ్న కాగితం మీద రాసి ఇవ్వండి.