ఫోను, డ్రోను వాడితే మిరప సేద్యం ఖర్చు నిజంగా తగ్గుతుందా?

గుంటూరు దగ్గర 4 ఎకరాల్లో మిరప వేయబోతున్నాం, యాప్‌లు, సెన్సార్లు, డ్రోన్లు పెడితే ఖర్చు తగ్గి నేల కూడా బాగుపడుతుందా అని అడిగారు. తగ్గుతుంది. కాకపోతే మీరు అనుకుంటున్న చోట కాదు.

మాది ప్రత్తిపాడు వైపు పల్లె. నా ఉద్యోగం విజయవాడలో, శని ఆదివారాలు చేలో. నాన్నకు సొంతం రెండెకరాలు, కౌలు రెండెకరాలు. ఒకప్పుడు నా ఫోనులో ఏడు వ్యవసాయ యాప్‌లు ఉండేవి. ఇప్పుడు మిగిలింది ఒక్కటే, వాతావరణ శాఖ వాళ్ల మేఘదూత్. కల్లంలో కాయ ఆరబోసి ఉన్నప్పుడు వాన కబురు ముందు తెలిస్తే పట్టలు కప్పుకోవచ్చు, అదే పదివేలు.

2021 డిసెంబరు సంగతి చెబుతాను. ఆ ఏడు మిరప వేసినవాళ్లెవరూ దాన్ని మరిచిపోరు. అంతకుముందు తామర పురుగు అంటే ఆకు మీద పడేది, ఆకు పైకి ముడుచుకునే పై ముడత వచ్చేది, మందు కొడితే ఎంతోకొంత ఆగేది. ఆ ఏడు వచ్చిన నల్ల తామర పురుగు ఏకంగా పువ్వులోకి దూరింది. "ఒరేయ్, పూతంతా రాలిపోతోందిరా, ఆ ఫోనులో ఏదో చూస్తావుగా, చూడు" అని నాన్న ఫోన్ చేశాడు.

శనివారం వెళ్లి ఆకు ఫొటో తీస్తే యాప్ నల్లి అంది. అదే మొక్కను ఇంకో పక్క నుంచి తీస్తే తామర పురుగు అంది. పై ముడత తామర పురుగుకు, కింది ముడత నల్లికి. మా ఊళ్లో ఇది బడికెళ్లే పిల్లలకు కూడా తెలుసు. ఇంతలో మందుల కొట్టు నుంచి నాన్నకు ఫోను: "బాబాయ్, కొత్త మందు దిగింది, రేపటికి ఉండదు, నీకోసం రెండు డబ్బాలు పక్కన పెట్టా." అప్పటికే ఆ నెలలో నాలుగుసార్లు కొట్టాం, అంతా ఖాతా మీదే.

పక్క చేను పెద్దాయన గట్టు మీద నుంచి అరిచాడు, పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులిపి చూడమని. కాగితం ఎక్కడిది? ఇంటికి సున్నం వేయించినప్పుడు తీసిన తెల్ల గోడ ఫొటో ఒకటి ఫోనులో ఉంది. అది తెరిచి, వెలుతురు పూర్తిగా పెంచి, దాని మీద పువ్వును తట్టాను. సన్నగా, నల్లగా, నువ్వుగింజలో సగం కూడా లేవు, ఒక్క పువ్వులోంచే ఇరవై దాకా రాలి పరుగులు పెట్టాయి. నాన్న కళ్లజోడు సర్దుకుని వంగి చూసి, బొటనవేలితో ఒకదాన్ని నలపబోయాడు. ఫొటో కాస్తా జరిగి మా చెల్లి పెళ్లి ఫొటో వచ్చింది. అవి పెళ్లికూతురి మీద కూడా పరుగెడుతున్నాయి. ఇద్దరం నవ్వుకున్నాం, ఏడవలేక.

ఆ సాయంత్రం నాలుగు మూలలా, నడుమ కూడా పువ్వులు దులిపి లెక్క రాసుకున్నాం. రోడ్డు పక్క విపరీతం, వాగు వైపు తక్కువ. గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం, లాం ఫారం వాళ్ల సలహా ఏమిటంటే, కనపడిన పురుగునల్లా చంపే మందులు ఆపండి, వాటితో మిత్ర పురుగులు కూడా చస్తాయి, యూరియా తగ్గించండి, నీలం జిగురు అట్టలు కట్టండి, వేపనూనె వాడండి. డబ్బాలు రెండూ కొట్లోనే ఉండిపోయాయి. అద్భుతమేమీ జరగలేదు లెండి. ఎకరాకు 20 క్వింటాళ్లు అనుకున్నచోట 9 వచ్చాయి. పక్క చేలకూ దాదాపు అంతే. కానీ వాళ్ల మందుల బిల్లు మా బిల్లుకు రెట్టింపు.

అప్పటి నుంచి ప్రతి ఖర్చూ వాట్సాప్‌లో నాకు నేనే మెసేజ్ పెట్టుకుంటున్నాను. డబ్బా పేరు, ధర, ఎందుకు కొట్టామో ఒక్క ముక్క. ఏడాది చివర కూడితే, పురుగు ఉందని కొట్టినవాటికంటే పక్కవాడు కొట్టాడని కొట్టినవే ఎక్కువ. మరుసటి ఏడు మందుల ఖర్చు మూడో వంతు తగ్గింది. నన్నడిగితే మన జిల్లాలో మిరప సేద్యాన్ని నడిపించేది ఏ యాప్ కాదు, మందుల కొట్టు ఖాతా పుస్తకం. అప్పిచ్చినవాడు చెప్పిన మందు కాదనడం ఎవరి వల్ల అవుతుంది? ఆ ఖాతా తెంచుకోకుండా ఎన్ని సెన్సార్లు పెట్టినా దండగే.

సెన్సార్లంటే గుర్తొచ్చింది. నేలలో తేమ కొలిచే పుల్ల ఒకటి కొని గుచ్చాను. మాది నల్లరేగడి, ఎండితే నెర్రెలిస్తుంది. పుల్ల సరిగ్గా నెర్రెలో పడి వారం రోజులు గాలిని కొలిచింది. నేను ఆఫీసులో కూర్చుని "అర్జంటుగా నీళ్లు పెట్టు నాన్నా" అని టెన్షన్ పెట్టాను. ఆయన పిడికెడు మట్టి తీసి ఉండ చేసి చూసి, ఫోన్ పెట్టేశాడు.

డ్రోనుకు వరిలో అయితే వంక పెట్టను. మిరపలో మాత్రం నాకు నమ్మకం కుదరలేదు. తైవాన్ స్ప్రేయర్‌తో, అంటే మోటారుతో మందు కొట్టే పంపుతో, ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పోతాయి, డ్రోను 10 లీటర్లతో పది నిమిషాల్లో ముగించేస్తుంది. కూలీ, నీళ్ల మోత మిగులుతాయి, నిజమే. పురుగు ఉండేది ఆకు అడుగున, పువ్వు లోపల. మందు పడేది పైన. వీడియోలకు మాత్రం బాగుంటుంది, నాయకులొచ్చి రిబ్బన్ కోయడానికి కూడా.

అన్నిటికంటే డబ్బు మిగిల్చింది, ఎవరూ వీడియో తీయనిది, మోటారుకు పెట్టే సెల్ స్టార్టర్. ఐదు వేల లోపే అయింది. ఫోన్ చేస్తే మోటారు ఆడుతుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది, ఒక ఫేజు పోతే తనే కట్టేసుకుంటుంది. అంతకుముందు కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడేది. ఉచిత కరెంటు కదా, ఆపే నాథుడు లేడు, నీళ్లు బాట మీద పారేవి. నల్లరేగడిలో నీరు నిలిస్తే మిరపకు వేరుకుళ్లు వస్తుంది, దానికి మళ్లీ ఇంకో మందు. ఇప్పుడు ప్రకాశం బ్యారేజీ మీద బస్సులో ఉండి కూడా ఆపేస్తున్నాను. ఒక్కటే జాగ్రత్త, అందులో సిమ్ముకు రీచార్జి మరిచిపోవద్దు. నేను మరిచాను, ఒక రాత్రి నాన్న టార్చి పట్టుకుని బోరు దాకా వెళ్లాల్సి వచ్చింది. మర్నాడు నాతో మాట్లాడలేదు.

గుంటూరు మిర్చి యార్డు ధర పొద్దున్నే ఫోనులోకి వస్తుంది కదా అంటారు. వస్తుంది. టిక్కీలు (మిరప బస్తాలు) దిగాక తేమ ఎక్కువనీ, తాలు (రంగు పోయిన కాయ) కలిసిందనీ తగ్గించేది మాత్రం మనిషే. అడ్వాన్సు తీసుకున్న కమీషన్ కొట్టుకే వేయాలంటే ఇక ధర తెలిసి ఏం లాభం?

ఇక కౌలు భూమి. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి. మా యజమాని మంచివాడే, హైదరాబాదులో ఉంటాడు, సంతకం అనేసరికి మాత్రం "చూద్దాంలే" అంటాడు. ఉపగ్రహం ఆకాశం నుంచి చూసి ఆ రెండెకరాల్లో పంట ఉందని చెప్పగలదు. వేసింది మా నాన్న అని అది చెప్పదు. ప్రభుత్వం పంట నమోదు చేసే ఈ-పంటలో పేరు సరిగ్గా పడకపోతే బీమా, పరిహారం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

మీరు 4 ఎకరాలు అన్నారు. అందులో సొంతం ఎంత, కౌలు ఎంత? మందులు నగదుకు కొంటారా, ఖాతా మీదా? అవి రాయండి, వీటిలో మీకు ఏది పనికొస్తుందో అప్పుడు చెబుతాను.