4-3-3: వ్యూహమా, అమరికా?

సందేహం: మాది విజయనగరం జిల్లా గజపతినగరం ప్రాంతం. పాఠశాల వార్షిక సంచిక కోసం మా బాలికల ఫుట్‌బాల్ జట్టు గురించి రాస్తూ, ‘మన జట్టు మూడు దాడిగాళ్లతో 4-3-3 వ్యూహంలో ఆడింది’ అన్నాను. వ్యూహమంటే మనసులో పన్నేదే గాని మైదానంలో నిలబడేది కాదని, ‘అమరిక’ అనాలని మా తెలుగు మాస్టారు దిద్దారు. ఏది సరి? – ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

సమాధానం: మాస్టారి దిద్దుబాటు మంచిదే కాని, అందుకు ఆయన చెప్పిన కారణం నిలవదు. వ్యూహానికి తొలి అర్థమే మైదానంలో నిలబడే తీరు. ‘వ్యూహస్తు బలవిన్యాసః’ అంటుంది అమరకోశం. సేనను ఎవరు ఎక్కడ ఉండాలో అక్కడ నిలపడమన్న మాట. ‘విశేషమైన ఊహే వ్యూహం’ అనే వివరణ వినసొంపుగా ఉంటుంది గాని, ఇక్కడి ధాతువుకు విడదీసి సర్దడమనే అర్థం. పద్మ, క్రౌంచ, మకర వ్యూహాలన్నీ ఆకారాల పేర్లే. అచ్చతెనుగులో వ్యూహాన్ని మొగ్గరమన్నారు, పద్మవ్యూహం తమ్మిమొగ్గరమైంది. కౌటిల్యుడు సేనకు నడుమ ఉరస్యాన్ని, ఇరువైపులా కక్షలను, వాటికి అవతల పక్షాలను, అంటే రెక్కలను, చెప్పాడు. నేటి ఫుట్‌బాల్‌లో వింగర్, అంటే అంచున ఆడే ఫార్వర్డ్, నిలిచే చోటు ఆ పక్షమే కనుక, శబ్దం పుట్టుకను బట్టి చూస్తే మీ ‘4-3-3 వ్యూహం’ నిర్దోషం.

అయినా ‘అమరిక’కే నా ఓటు. ఎన్నికల వ్యూహం, వ్యాపార వ్యూహం అంటూ వాడి వాడి ఆ మాటలో ఆకారం చెరిగిపోయి ఆలోచన ఒక్కటే మిగిలింది. ఆటలోనేమో ఈ రెంటినీ వేరుచేసి చెప్పవలసిన అవసరం అడుగడుగునా వస్తుంది. 4-3-3 అంటే గోల్‌కీపర్‌ను విడిచిపెట్టి, వెనుక నుంచి ముందుకు లెక్కించిన పదిమంది: నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఇదే అమరికలో ఒక జట్టు వెనక్కి తగ్గి కాచుకోవచ్చు, మరొకటి విరుచుకుపడవచ్చు. దాడికి మొగ్గే జట్టయితే, బంతి చిక్కగానే వింగర్లు టచ్‌లైన్ల (మైదానం పక్క గీతల) దాకా జరిగి ప్రత్యర్థి రక్షణ శ్రేణిని అటూ ఇటూ సాగదీస్తారు. అంచుల్లోని డిఫెండర్లిద్దరూ అవకాశం చూసుకుని వారి పక్కనుంచి ముందుకు దూసుకుపోతారు. బంతి పోగొట్టుకుంటే ఎదురుదాడిని ఆపడానికి మిడ్‌ఫీల్డర్లలో ఒకరు వెనుకపట్టునే ఉంటారు. ఆ క్షణంలో చూస్తే 4-3-3 జాడే ఉండదు. ఒక్కోసారి అది 2-3-5 దాకా పోతుంది. తమాషా ఏమంటే, 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన (దాడి చేసే ఆటగాడు ప్రత్యర్థి గోల్ వైపు ఎంత ముందుకు ఉండవచ్చో చెప్పేది) మారక ముందు జట్లు సాధారణంగా ఆట మొదలుపెట్టిన అమరికే అది.

కాబట్టి అంకెలు చెప్పేది అమరిక, అందులోంచి ఆటగాళ్లు చేసే పని ఎత్తుగడ, మ్యాచ్ మొత్తానికి కోచ్ తలపెట్టినది వ్యూహం. 1953లో వెంబ్లీలో హంగరీ 6-3తో ఇంగ్లండ్‌ను ఓడించిన మ్యాచ్‌లో హంగరీ ఆటగాడు హిదెగ్‌కుటి 9వ నంబరు చొక్కా వేసుకుని, సెంటర్ ఫార్వర్డ్ నిలవవలసిన చోట నిలవకుండా వెనక్కి జరిగి ఆడాడు. అతని వెంట పోవాలో, తన చోటునే కాచుకోవాలో ఇంగ్లండ్ సెంటర్ హాఫ్‌కు (రక్షణలో నడుమ నిలిచే ఆటగాడికి) పాలుపోలేదు. అది ఎత్తుగడ. దానిని ‘వ్యూహం’ అనే ఒక్క మాటలో కలిపేస్తే చదివేవారికి ఏమీ తెలియదు. క్రియలు కూడా వేరువేరు: అమరికలో దిగుతారు, ఎత్తుగడ వేస్తారు, వ్యూహం పన్నుతారు. ‘వ్యూహాన్ని ఛేదించారు’ అన్న పలుకుబడిలో మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది.

ఇక మాస్టారు దిద్దకుండా వదిలేసినది ‘మూడు దాడిగాళ్లు’. మనుషులను లెక్కించేటప్పుడు ‘ముగ్గురు’ అనాలి. వేటగాడు, పాటగాడు ఉన్నప్పుడు దాడిగాడిని వ్యాకరణం కాదనదు గాని, మీది బాలికల జట్టు. పాటకత్తె వంటి మాటలను చూసి ‘దాడికత్తె’ అందామంటే పిల్లలు నవ్వుతారు. మైదానంలో వారు నోరారా అనే మాట ‘ఫార్వర్డ్’. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పుట్టిన శ్రీకాకుళం జిల్లా మీకు పొరుగునే ఉండగా, ఆ మాట రాయడానికి జంకు దేనికి? ‘మన జట్టు ముగ్గురు ఫార్వర్డ్‌లతో 4-3-3 అమరికలో బరిలోకి దిగింది’ అని రాయండి. పైకి చదివేటప్పుడు ‘నాలుగు, మూడు, మూడు’ అని విడివిడిగా పలకండి.