వంశంలో నడిచే కొలెస్ట్రాల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఆయనకు 34 ఏళ్లు. బక్కపలచని మనిషి, బీడీ కూడా ముట్టడు. జిన్నింగ్ మిల్లులో వైద్య శిబిరం పెడితే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 248 అని తేలింది. మూడు నెలలు మాంసం, వేపుళ్లు మానేసినా 226 దగ్గరే ఆగింది. మా మామ 44 ఏళ్లకే గుండెపోటుతో పోయినాడు. ఇంత పథ్యం చేసినా ఎందుకు తగ్గలేదు? – ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: పథ్యంతో తగ్గాల్సినంత తగ్గిందమ్మా. తిండి మార్చుకుంటే ఎల్‌డీఎల్ దిగేది మామూలుగా నూటికి పది, పదిహేను. మీ ఆయనకు తొమ్మిది దిగింది. ఆయన లోపం ఏమీ లేదు, ఆ మాట ముందు ఆయనకు చెప్పండి.

ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లే తయారుచేసుకుంటుంది. రక్తంలో మిగిలిన ఎల్‌డీఎల్‌ను లాగేసే పని కాలేయానిది. కాలేయ కణాల మీద అందుకోసం గ్రాహకాలు ఉంటాయి. గ్రాహకం ఒక ఎల్‌డీఎల్ రేణువును పట్టుకుని కణంలోకి దిగుతుంది, సరుకు దించి మళ్లీ పైకొస్తుంది. ఒక విడతకు పది నిమిషాలు పడుతుంది. అలా వందకు పైగా విడతలు తిరిగాక దాని ఆయుష్షు తీరుతుంది. ఈ గ్రాహకం జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. వాటిలో ఒకటి చెడితే పనిచేసే గ్రాహకాలు సగమే. పుట్టినప్పటి నుంచీ రక్తంలో ఎల్‌డీఎల్ రెట్టింపు తిరుగుతుంటుంది. దీని పేరు ఫెమిలియల్ హైపర్‌కొలెస్ట్రొలీమియా, పొట్టిగా ఎఫ్‌హెచ్. దాదాపు 250 మందిలో ఒకరికి ఉంటుంది. పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్ 190 దాటి, ఇంట్లో చిన్న వయసు గుండెపోటు కూడా ఉంటే దీన్నే ముందు అనుమానించాలి.

అంతకంటే ముందు థైరాయిడ్ తక్కువగా ఉందేమో టీఎస్‌హెచ్ చేయించండి. మూత్రంలో ప్రొటీన్, లివర్ పరీక్ష, షుగర్ కూడా చూపించండి. వీటిలో ఏది తేడాగా ఉన్నా ఎల్‌డీఎల్ పెరగొచ్చు.

తరువాత మీ ఆయనను మంచం మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు అంచు దాటి వేలాడేలా ఉంచండి. మడమ ఎముక నుంచి పిక్కలోకి పోయే గట్టి టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కట్టే తాడును) బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా పైకి జరపండి. మామూలు మనిషికి అది పట్టీలా చదునుగా, అంచులు తెలిసేలా తగులుతుంది. ఎఫ్‌హెచ్‌లో కొందరికి వేలంత మందమై, ముడులు ముడులుగా చేతికి వస్తుంది. అరచేతి వెనక, వేళ్ల కణుపుల దగ్గర వేళ్లు ఆడిస్తే కదిలే గడ్డలున్నాయేమో చూడండి. నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ముసలివాళ్లకు మామూలే, 45 లోపు కనిపిస్తే మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. ఇవేవీ కనిపించనంత మాత్రాన జబ్బు లేదని కాదు.

మందు సంగతి. రోసువాస్టాటిన్ 20 నుంచి 40 మిల్లీగ్రాములు గానీ, అటోర్వాస్టాటిన్ 40 నుంచి 80 గానీ ఎల్‌డీఎల్‌ను సగానికి దించుతాయి. డాక్టర్లు దానికి ఎజెటిమైబ్ 10 అనే ఇంకో మాత్ర కలిపితే మిగిలినదాంట్లో ఇంకో ఐదో వంతు పోతుంది. అంటే 248 కాస్తా వంద దగ్గరకు వస్తుంది. గమ్యం 70 లోపు, గుండె జబ్బు అప్పటికే ఉంటే 55 లోపు.

మీ పిల్లల్లో ఒక్కొక్కరికి సగం అవకాశం ఉంది. మీ ఆయన తోడబుట్టినవాళ్లకూ అంతే. పిల్లలకు ఐదు నుంచి పదేళ్ల మధ్య లిపిడ్ (రక్తంలో కొవ్వుల) పరీక్ష చేయించండి, పరగడుపున ఉండక్కర్లేదు. ఎల్‌డీఎల్ 160 దాటితే పిల్లల డాక్టరును కలవాలి. మందు అవసరమైతే ఎనిమిది, పదేళ్ల వయసు నుంచే మొదలుపెడతారు. జన్యు పరీక్ష దొరక్కపోయినా ఈ పని ఆగకూడదు.

ప్రశ్న: నాకు ఎల్‌డీఎల్ 230. మా తమ్ముడికి 38కే స్టెంటు వేసినారు, వాడికీ అంతే ఉంది. ఇంట్లో పెద్దలు మా అమ్మాయిని వాడికే ఇవ్వమంటున్నారు. ఏమైనా ఇబ్బందా? – ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ఇబ్బంది ఉందమ్మా, దాన్ని ముందే అడిగి మంచి పని చేశారు. మీ ఇద్దరికీ ఒకే చెడిన జన్యువు వచ్చి ఉండొచ్చు. అలాగైతే మీ అమ్మాయికి అది వచ్చే అవకాశం సగం. అమ్మాయికీ ఉండి, మీ తమ్ముడితో పెళ్లయితే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశంతో రెండు ప్రతులూ చెడినవే వస్తాయి. అలాంటి పిల్లలకు ఎల్‌డీఎల్ చాలాసార్లు 400, 500 దాటుతుంది. చిన్నప్పుడే మోకాళ్ల మీద, మోచేతుల మీద, పిరుదుల మీద పసుపుపచ్చని గడ్డలు లేస్తాయి. వైద్యం అందకపోతే ఇరవై ఏళ్లలోపే గుండెపోటు రావచ్చు. వాళ్లకు మాత్రలు చాలవు. రక్తాన్ని యంత్రం ద్వారా వడగట్టి ఎల్‌డీఎల్ తీసే చికిత్స గానీ, కాలేయ మార్పిడి గానీ అవసరమవుతాయి.

కాబట్టి ముహూర్తాల మాట ఎత్తకముందే అమ్మాయికి లిపిడ్ పరీక్ష. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉంటే ఈ మేనరికం వద్దని గట్టిగా చెబుతున్నాం. అందులో అమ్మాయికి వచ్చే నష్టం లేదు. బయటి సంబంధం చేసుకుని, మందు వాడుకుంటూ అందరిలాగే కాపురం చేసుకోవచ్చు. కడుపు పండాలనుకున్నప్పుడు మాత్రం ముందుగా డాక్టరును అడిగి స్టాటిన్ (రోసువాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటి మాత్ర) ఆపాలి.

ప్రశ్న: ఒకే వారంలో ఒక ల్యాబులో ఎల్‌డీఎల్ 138, ఇంకో ల్యాబులో 171 వచ్చింది. ఏది నమ్మాలి? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు పంపిన మొదటి రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 262, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 430. ఆ ల్యాబు ఎల్‌డీఎల్‌ను కొలవలేదు, లెక్కగట్టింది. 262లోంచి 38 తీసి, 430లో ఐదో వంతు 86 తీస్తే 138. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ ఇచ్చిన సూత్రమిది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఇది పనికిరాదు, ఎల్‌డీఎల్‌ను తక్కువగా చూపిస్తుంది. రెండో ల్యాబు నేరుగా కొలిచింది, దాన్నే తీసుకోండి. ట్రైగ్లిజరైడ్లు తగ్గాక పరగడుపున మరోసారి చేయించండి. గుండెపోటు వచ్చిన మర్నాటి నుంచి కొన్ని వారాలు ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఆ రిపోర్టు చూసి ‘కొలెస్ట్రాల్ బాగానే ఉంది’ అనుకుని మందు మానేసేవాళ్లున్నారు.

ప్రశ్న: చెనిక్కాయల నూనెలో కొలెస్ట్రాల్ ఉంటుందా? గుడ్డు తినొచ్చా? – ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వు. చెనిక్కాయల నూనెలో అది సుమారు ఐదో వంతు, పామాయిల్‌లో సగం. ఉగ్గానికి బజ్జీలు వేసే నూనె ఏదో కనుక్కోండి. గుడ్డు పచ్చసొనలో దాదాపు 190 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. ఎఫ్‌హెచ్ ఉన్నవాళ్లు పచ్చసొన వారానికి రెండు మూడుకు మించకుండా చూసుకుంటే మంచిది. తలకాయ కూరలో మెదడు మాత్రం పూర్తిగా వదిలేయాలి.

ప్రశ్న: అటోర్వాస్టాటిన్ 40 వాడితే రెండు నెలల్లో ఎల్‌డీఎల్ 210 నుంచి 104కి దిగింది. నార్మల్ అయిందని ఆపేశాను. మళ్లీ 205. ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే తొడలు, పిక్కలు ఒకటే పీకులు. – ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: 104 వచ్చింది మాత్ర వల్లే. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని ఆ మాత్ర అడ్డుకుంటుంది. లోపల కొరత పడగానే కాలేయం రక్తంలోంచి లాగడానికి గ్రాహకాలను ఎక్కువగా పుట్టిస్తుంది. మాత్ర ఆపిన కొన్ని వారాల్లో అంతా మొదటికొస్తుంది. జన్యువు మారలేదు కదా.

పీకులకు సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పరీక్ష, టీఎస్‌హెచ్, విటమిన్ డి చూపించండి. సీకే మామూలు హద్దుకు పది రెట్లు దాటినా, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అంత లేకపోతే డాక్టరు రెండు నుంచి నాలుగు వారాలు ఆపించి చూస్తారు. నొప్పి పోతే రోసువాస్టాటిన్ 5 లాంటి చిన్న మోతాదుతో, కావాలంటే రోజు విడిచి రోజు మొదలుపెట్టి, ఎజెటిమైబ్ కలుపుతారు. ఇంకొకటి, తామరకు ఇట్రాకొనజోల్ వాడుతున్నారా? అది అటోర్వాస్టాటిన్‌ను ఒంట్లో పేరుకునేలా చేసి కండరాలను దెబ్బతీస్తుంది. చర్మం డాక్టరుకు స్టాటిన్ సంగతి చెప్పి తీరాలి.

ప్రశ్న: మా నాన్నకు కొలెస్ట్రాల్ తగ్గడానికి రెండు వారాలకోసారి ఎవొలోకుమాబ్ ఇంజెక్షన్ రాశారు. దీని వెనక హెలెన్ హాబ్స్ అనే శాస్త్రవేత్త పరిశోధన ఉందని మా లెక్చరర్ చెప్పారు. ఆమె ఏం కనుక్కున్నారు? – ఒక బీఎస్సీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయపు సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రంలోనే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు 1970ల్లో ఎల్‌డీఎల్ గ్రాహకాన్ని కనుగొన్నారు. దానికి వాళ్లకు 1985లో నోబెల్ వచ్చింది. హాబ్స్ పనిచేసిందీ అక్కడే. 2003లో ఫ్రాన్స్‌లో కొన్ని కుటుంబాల్లో పీసీఎస్‌కే9 అనే జన్యువు అతిగా పనిచేస్తూ ఎల్‌డీఎల్‌ను పెంచుతోందని ఇతర శాస్త్రవేత్తలు చూపారు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ గ్రాహకానికి అతుక్కుంటే ఆ గ్రాహకం పైకి తిరిగి రాదు, కణంలోనే నాశనమైపోతుంది.

హాబ్స్, ఆమె సహచరుడు జొనాథన్ కోహెన్ దాన్ని తిరగేసి అడిగారు: అతిగా పనిచేస్తే ఎల్‌డీఎల్ పెరిగితే, అసలు పనిచేయని వాళ్లకు తగ్గాలి కదా? జబ్బు ఉన్నవాళ్లను వదిలి, డాలస్ హార్ట్ స్టడీ అనే గుండె ఆరోగ్య అధ్యయనంలో ఎల్‌డీఎల్ మరీ తక్కువగా ఉన్నవాళ్ల జన్యువులను చదివారు. ఈ పరిశోధనలో మాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ ప్రశ్నే. ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు నూటికి ఇద్దరిలో ఈ జన్యువు ఒక ప్రతి పనిచేయడం లేదని 2005లో ప్రచురించారు. 2006లో వచ్చిన మరో పరిశోధన 15 ఏళ్లు గమనించిన మనుషులది. ఆ మార్పు ఉన్న నల్లజాతీయులకు ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువ. పుట్టుక నుంచీ తక్కువగా ఉంటే గుండెకు ఎంత మేలో దీన్నిబట్టి తెలిసింది. రెండు ప్రతులూ పనిచేయని ఒక యువతికి ఎల్‌డీఎల్ 14 మాత్రమే ఉన్నా ఆరోగ్యంగా ఉంది. అంటే ఆ ప్రొటీన్‌ను మందుతో అడ్డుకుంటే ప్రమాదం ఉండదన్న ధైర్యం వచ్చింది. 2015లో ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే, మీ నాన్న వాడబోయే మందు, దాని జోడు అలిరోకుమాబ్ అమెరికాలో అనుమతి పొందాయి.

ఇంజెక్షన్ ఎల్‌డీఎల్‌ను 50 నుంచి 60 శాతం దించుతుంది, స్టాటిన్ మానకూడదు. పైన ప్రొద్దుటూరు జవాబులో చెప్పిన రెండు ప్రతులూ చెడిన పిల్లల్లో గ్రాహకాలు బొత్తిగా లేనివాళ్లకు ఇది పనిచేయదు. కాపాడటానికి గ్రాహకమే లేదు కనుక.

ఇంజెక్షన్ పెన్నును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో, పెట్టెతో సహా ఉంచండి. ఫ్రీజరులో పెడితే పారేయాల్సిందే. మన ఎండల్లో మందుల షాపు నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో తేవాలి, పెన్ను ఐసుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. పొడుచుకునే అరగంట ముందు బయట పెట్టండి, వేడినీళ్లలో ముంచొద్దు, కుదపొద్దు. పొట్ట, తొడ, పైచేయి మార్చి మార్చి వేసుకోవాలి.