చేమంతి గీకేసిన జపాన్ తుపాకీ, దాని ధర

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి, పదకొండేళ్లుగా ఒహాయోలో ఉంటున్నాను, ఇప్పుడు ఇక్కడి పౌరురాలినే. మావారు పుట్టి పెరిగింది ఇక్కడే, అమెరికన్. జనవరిలో మా మామగారు పోయారు, ఆయనది కెంటకీ. విల్లులో మావారికి ఓ పాత తుపాకీ రాశారు. అది మామగారి నాన్నగారిదట, ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లో పనిచేసి, తర్వాత కొన్నాళ్లు జపాన్‌లో ఉండి, ఇంటికొస్తూ తెచ్చుకున్నారట. టేపుతో కొలిస్తే 44 అంగుళాలుంది. పైన మూడు జపాన్ అక్షరాలున్నాయి, మొదటి రెండూ ఒకేలా ఉన్నాయి. వాటి ముందు ఏదో గుండ్రటి గుర్తుని గీకేసినట్టుంది కానీ ఓ పక్క రేకల అంచులు ఇంకా కనిపిస్తున్నాయి. చెక్క రెండు చోట్ల అతికినట్టుంది, ఒకటి భుజానికి ఆనించే భాగంలో, ఇంకోటి ముందున్న ఇనప పట్టీ కింద. మావారి బాబాయి ఐదు వేల డాలర్లకి తక్కువైతే ఇవ్వొద్దంటాడు, ఊళ్లో తుపాకుల షాపాయన 150 ఇస్తానన్నాడు. మావారేమో ఈ వీకెండ్ చెక్కంతా ఉప్పు కాగితంతో రుద్ది, పాలిష్ కొట్టి హాల్లో తగిలిద్దామంటున్నారు. ఇది అసలేం తుపాకీ, ఎంత చేస్తుంది? మా నాన్నగారు చూడాలని సరదా పడుతున్నారు, తెనాలి తీసుకెళ్లొచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీవారి చేతిలో ఉప్పు కాగితం ఉంటే లాగేసుకోండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

లాక్కున్నాక రెండో పని. ఎనభై ఏళ్లు గ్యారేజీలో పడుంది కదా, లోపల తూటా ఎందుకుంటుందిలే అనుకోకండి. తుపాకీ మొన ఖాళీ వైపు పెట్టి, బోల్ట్ (తూటా గదిని మూసే ఇనప కడ్డీ) పిడి పైకెత్తి వెనక్కి లాగి, లోపల కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూడండి. బోల్ట్ కదలకపోతే వెనక చివర్న ఉన్న గుండ్రటి గరుకు బిళ్లే సేఫ్టీ అయ్యుంటుంది, దాన్ని అరచేత్తో లోపలికి నొక్కి తిప్పాలి. అప్పటికీ రాకపోతే సుత్తి తీయకండి, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక మీ తుపాకీ. మొదటి రెండు అక్షరాలు ఒకటే అన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. అవి తొమ్మిది, తొమ్మిది, మూడోది ‘రకం’ అనే అర్థమొచ్చే అక్షరం. అంటే జపాన్ సైన్యం వాడిన అరిసాకా తుపాకుల్లో టైప్ 99. మనకి శాలివాహన శకం ఉన్నట్టు జపాన్ వాళ్లకి తమ మొదటి చక్రవర్తి నుంచి లెక్కపెట్టే ఓ శకం ఉంది, దాని ప్రకారం 1939 అంటే 2599, అందులో చివరి రెండంకెలే ఈ 99. దీనికి ముందుది టైప్ 38, అది వేరే లెక్క, మెయిజీ చక్రవర్తి పాలనలో 38వ ఏడు, అంటే 1905. దాని మీద మొదటి అక్షరం మూడు అడ్డగీతలు, రెండోది ఇంటి కప్పులా విడిపోయిన రెండు గీతలు. టైప్ 38 పొడుగు రకం దాదాపు 50 అంగుళాలుంటుంది, 6.5 మిల్లీమీటర్ల తూటా వాడుతుంది. చైనా యుద్ధంలో ఆ తూటా దెబ్బ చాలట్లేదని 7.7కి మారారు, ఆ మార్పే మీ చేతిలో ఉన్నది. కొలత ఒక్కటీ చూసి తేల్చకూడదు, ఎందుకంటే టైప్ 38లో కూడా ఇంచుమించు 44 అంగుళాల పొట్టివి ఉన్నాయి. అక్షరాలే సాక్ష్యం.

ఆ గుండ్రటి గుర్తు చేమంతి పువ్వు. పదహారు రేకలు, చక్రవర్తి వంశం గుర్తు. సైన్యంలోని తుపాకీ చక్రవర్తి సొత్తు అని దానర్థం. 1945లో ఓడిపోయి ఆయుధాలు అప్పగించాల్సి వచ్చినప్పుడు, ఆయన గుర్తుతో శత్రువు చేతికి పోకూడదని చాలావాటి మీద పువ్వుని గీకేశారు. కొన్నిటిని గ్రైండర్‌తో నున్నగా, కొన్నిటిని ఉలితో నాలుగు గాట్లు పెట్టి. చేయాల్సినవి లక్షల్లో ఉన్నాయి, పనివాడికి ఓపిక ఎక్కడుంటుంది, అందుకే మీదాన్లో రేకలు మిగిలాయి. పువ్వు చెక్కుచెదరకుండా ఉంటే యుద్ధరంగంలోనే దొరికి ఉండొచ్చు అంటారు, అదీ నూటికి నూరుపాళ్లు నిజం కాదు, గీకేలోపే గోదాముల్లోంచి పోయినవీ ఉన్నాయి. మీవారి తాతగారు యుద్ధం అయ్యాక జపాన్‌లో ఉన్నారన్నారు కాబట్టి కథ సరిగ్గా సరిపోతోంది, ఫిలిప్పీన్స్ పోరాటంలో పట్టుకున్నది కాదు, తర్వాత జ్ఞాపకంగా ఇచ్చినది అయ్యుంటుంది. అప్పట్లో ఆక్రమణ సైనికులకి అలా పంచారు. ఇంట్లో వాళ్లకి కాస్త నిరాశగా ఉంటుంది, తెలుసు.

ఇప్పుడు ఎడమ పక్కన చూడండి. ఓ చిన్న సున్నాలో జపాన్ అక్షరం, తర్వాత నంబరు, తర్వాత తయారుచేసిన ఆయుధాగారం ముద్ర. లక్ష తుపాకులు దాటగానే నంబర్లు మళ్లీ మొదటికొస్తాయి, ఏ విడతో చెప్పేది ఆ సున్నాలో అక్షరం. కాబట్టి నంబరు ఒక్కటే రాసి పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు, మూడూ ఫొటో తీసి పంపండి. ముద్ర ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న నాలుగు గుండ్రాల్లా ఉంటే కొకురా, రెండు చేపలు చుట్టుకున్నట్టుంటే నగోయా. హిరోషిమా దగ్గరి తోయో కోగ్యో కూడా ఇవి చేసింది, అదే తర్వాత మాజ్దా కార్ల కంపెనీ అయింది. మీ వీధిలో ఏదైనా మాజ్దా ఉందేమో చూడండి.

బోల్ట్ పిడి మొదట్లో చాలావాటికి చివరి మూడంకెలు కొట్టి ఉంటాయి, అవి పక్కనున్న నంబరుతో కలుస్తున్నాయా అన్నది ధరని బాగా మారుస్తుంది. కలవకపోతే కంగారు వద్దు. లొంగిపోయాక బోల్టులు తీసి ఓ గుట్ట, తుపాకులు ఓ గుట్ట పోశారు, తర్వాత ఎవరికి చేతికొచ్చింది వాళ్లు పెట్టేసుకున్నారు.

చెక్క సంగతి. భుజానికి ఆనించే భాగం రెండు ముక్కలుగా ఉండటం లోపం కాదు, విరిగితే అతికించిందీ కాదు, ఫ్యాక్టరీలోనే అలా చేసేవాళ్లు, చెక్క ఆదా కోసం. చాలామంది అది పగులనుకుని జిగురు పూసి పాడుచేస్తారు. ముందు పట్టీ కింద ఉన్నది మాత్రం వేరు. పట్టీని కొంచెం జరిపి చూడండి, రంపంతో అడ్డంగా కోసినట్టు సాఫీగా ఉంటే అది మీవారి తాతగారి పనే. సైనికుడి డఫెల్ బ్యాగులో తుపాకీ పట్టదు, అందుకని పట్టీ కింద కనపడకుండా చెక్కని కోసి, బ్యారెల్ (గొట్టం) నుంచి విడదీసి, సంచీలో కుక్కి తెచ్చి, ఇంటికొచ్చాక మళ్లీ పైన పట్టీ తొడిగేవాళ్లు. దీనివల్ల ధర కొంత తగ్గుతుంది. నాకైతే ఆ కోత అంటేనే ఇష్టం, కుర్రాడొకడు ఓడలో మంచం మీద కూర్చుని రంపం ఆడిస్తున్నట్టు కనపడుతుంది.

వెనక గురి చూసే పలక పక్కన మడిచే రెక్కలున్నాయా, అదీ చెప్పండి. విమానాల్ని కాల్చడానికని మొదట్లో పెట్టారు, ఎన్ని విమానాలు పడ్డాయో ఆ దేవుడికెరుక. రెక్కలు, చెక్క కింద నేలకి ఆనించడానికి తీగతో చేసిన ఒంటి కాలు, బోల్ట్ మీద రేకు మూత, బ్యారెల్ లోపల క్రోమ్ పూత ఉంటే తొలి రోజుల సరుకు. యుద్ధం ముదిరేకొద్దీ ఒక్కొక్కటీ మానేశారు, 1945 నాటికి కదలని గురి రంధ్రం, భుజానికి ఆనించే చివర ఇనప పలక బదులు చెక్కముక్క, ఫైలు గీతలు కనిపించే మొరటు పని. ఆ చివరివాటిని ఒకప్పుడు చెత్త అనేవాళ్లు, ఇప్పుడు అవే వెతుక్కుని కొనేవాళ్లున్నారు.

సరే, డబ్బు. బాబాయిగారి ఐదు వేలు మర్చిపోండి. అంత రావాలంటే స్నైపర్ తుపాకీ అయ్యుండాలి, ఎడమ పక్కన టెలిస్కోప్ బిగించే దిమ్మ ఉండాలి, అదీ అసలుది. పువ్వు పూర్తిగా పోయి, నంబర్లు కలవని మామూలు టైప్ 99 అయితే 300 డాలర్ల అటూ ఇటూ. పువ్వుండి, నంబర్లన్నీ కలిసి, రేకు మూతతో సహా ఉంటే వెయ్యి దాకా, మంచిదైతే ఇంకా పైకి. మీది మధ్యలో ఎక్కడో, బోల్ట్ నంబరు కలిస్తే నాలుగైదు వందలు అనుకోండి. షాపాయన 150 అనడం మోసమేం కాదు, ఆయన మూడు వందలకి అమ్ముకోవాలి కదా. వేలం సైట్లలో జనం అడుగుతున్న ధరలు చూడకండి, అమ్ముడైపోయిన వాటి ధరలే చూడండి. అడగడానికేం, నేనూ నా పాత కుక్కర్‌కి వెయ్యి అడగొచ్చు.

ధర నిజంగా పెంచేది ఇంకోటుంది, కాగితం. తుపాకీ ఇంటికి తీసుకెళ్లొచ్చని పై అధికారి సంతకం పెట్టిచ్చిన టైపు చేసిన చీటీ, పేరు, ఒక్కోసారి తుపాకీ నంబరు కూడా ఉంటాయి. మామగారి ట్రంకు పెట్టెలో, బైబిల్ పేజీల మధ్య, ఫొటో ఫ్రేముల వెనక వెతకండి. ఇల్లు సర్దేటప్పుడు మొదట చెత్తబుట్టలోకి పోయేవి అవే.

ఉప్పు కాగితం ఎందుకు వద్దన్నానంటే, నా మొదటి టైప్ 38ని నేను అలాగే రుద్దాను. ఓ ఆదివారమంతా కూర్చుని టీవీ స్టాండులా మెరిపించాను, ముద్రలు చదునైపోయాయి, కొన్న ధరలో సగానికి అమ్ముకున్నాను. పైగా రెండు చేతులూ మోచేతుల దాకా పొక్కిపోయాయి. ఎందుకో తర్వాత తెలిసింది. ఆ చెక్క మీద పూత ఉరుషి అనే జపాన్ చెట్టు పాలు, ఆ చెట్టు మన జీడిమామిడి కుటుంబమే. పలాస జీడి కార్మికుల్ని అడగండి, పిక్క మీది రసం తగిలితే చర్మం ఏమవుతుందో చెబుతారు. పాత పూతని ముట్టుకుంటే ఏం కాదు, రుద్దినప్పుడు లేచే పొడి మాత్రం కొంతమందికి పడదు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి, ఇనుము మీద పల్చగా తుపాకీ నూనె రాయండి, చాలు.

కాలుద్దామని సరదా పుడితే ఆగండి. యుద్ధం అయ్యాక ఇక్కడ 7.7 తూటాలు దొరక్క చాలామంది తూటా గదిని తొలిచి అమెరికా థర్టీ ఆట్ సిక్స్ తూటాకి మార్పించుకున్నారు, బయటికి ఏ గుర్తూ ఉండదు. గన్‌స్మిత్ ఆ గదికి అచ్చు తీసి కొలిచి చెప్పాకే తూటా కొనండి.

చట్టం సంగతి మీకు ఇబ్బంది లేదు. విల్లు ద్వారా వస్తే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తుపాకుల డీలర్ ద్వారా కాకుండానే తెచ్చుకోవచ్చని ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్న పాఠకులు మాత్రం తమ రాష్ట్రం రూల్స్ విడిగా చూసుకోవాలి. తెనాలి అంటారా, వద్దమ్మా. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీతో విమానం దిగితే మీ నాన్నగారు మిమ్మల్ని చూడ్డానికి స్టేషన్‌కి రావాలి. వీడియో కాల్‌లో చూపించండి.

ప్రశ్న: సార్, టెక్సాస్‌లో ఈమధ్యే పాత ఇల్లు కొన్నాం. అటక మీద గుడ్డలో చుట్టిన జపాన్ తుపాకీ దొరికింది. పువ్వు లేదు, నంబరు లేదు, గొట్టం లోపల మెలిక గీతల్లేకుండా నున్నగా ఉంది. నేను హెచ్-1బిలో ఉన్నాను. దీని విలువ చెప్పగలరా?

జవాబు: విలువ తర్వాత, తమ్ముడూ. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం, హెచ్-1బి కూడా అందులోకే వస్తుంది. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది కానీ, ఇప్పుడు పరిగెత్తి లైసెన్సు తెచ్చుకుని సర్దుకుందామనుకోకండి. గ్రీన్ కార్డ్ ఫైలు మీద ఈ టెన్షన్ అవసరమా? ఉన్నచోటే ఉంచి, ఇవాళే లాయర్‌కి ఫోన్ చేసి, ఆయన చెప్పిన ప్రకారం పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకి చెప్పి అప్పగించండి. కారులో వేసుకుని మీరే బయల్దేరొద్దు. ఇల్లు అమ్మినవాళ్లకీ ఓ మాట చెప్పాలి, అది వాళ్ల తాతదేమో.

మీరు చెప్పినదాన్నిబట్టి అది బళ్లలో పిల్లలకి కవాతు నేర్పడానికి చేసిన శిక్షణ తుపాకీ. అసలు అరిసాకా ఉక్కు మహా గట్టిది, వీటిది మాత్రం చాలావరకు పోత ఇనుము, ఉత్తుత్తి తూటాల చప్పుడుకే చేసినవి. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండటమే ప్రమాదం, నిజం తూటా పెడితే మొహం మీదే పేలుతుంది. అప్పగించేటప్పుడు తీసుకునేవాళ్లకి ఆ మాట చెప్పండి, దాన్ని వేలంలో కొన్నవాడెవడో షూటింగ్ రేంజికి పట్టుకెళ్లకుండా.