లావణ్యకు పెద్దమ్మ ఉత్తరం: తొందరపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టకు

లావణ్యా,

దుబాయ్ స్కూల్లో టీచరుగా ఏప్రిల్‌లో చేరావు, సెప్టెంబరు సగం కాకుండానే తీసేస్తున్నామని నోటీసు చేతిలో పెట్టారట. మీ అమ్మ చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "వచ్చెయ్యమంటే వినట్లేదక్కా, అక్కడే ఉండి ఇంకో స్కూల్ చూసుకుంటుందట, ఈలోగా ట్యూషన్లు చెప్పుకుంటుందట" అంది. నువ్వు అలా అన్నందుకు నాకు గర్వంగా ఉంది, నిజంగా. మన ఇంట్లో ఆడపిల్ల దుబాయ్‌లో ఒక్కతే నిలబడి "నా సంగతి నేను చూసుకుంటాను" అనడం చిన్న విషయమేం కాదు. కానీ ఆ ట్యూషన్ల మాట విన్నప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. దాని గురించి తర్వాత చెప్తాను, అంతకంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

నాకు చెప్పడానికి మొహమాటపడ్డావట. నేను షార్జాలో అన్నేళ్ళు పాఠాలు చెప్పి వచ్చింది దేనికే? ఇలాంటప్పుడు నువ్వు ఫోన్ చెయ్యాల్సింది ముందు నాకు. సరే, ఆ కోపం మనం కలిసినప్పుడు తీర్చుకుంటాను.

స్కూల్ వాళ్ళు నీ ముందు ఏ కాగితం పెట్టినా అక్కడికక్కడ సంతకం పెట్టకు. "చదువుకుని రేపు ఇస్తాను" అను. ఎంత నవ్వుతూ అడిగినా, ఎంత తొందర చేసినా ఇదే మాట అను. ఎందుకింత గట్టిగా చెప్తున్నానో వివరంగా రాస్తాను, విసుక్కోకుండా చదువు.

నేను పనిచేసిన స్కూల్లోనే ఒక కెమిస్ట్రీ టీచరమ్మ ఉండేది. నీ వయసే, నీలాగే బాగా చదువుకున్న పిల్ల, నీలాగే మాట పడలేని పిల్ల. అప్పట్లో యూఏఈలో 1980 నాటి పాత కార్మిక చట్టం నడిచేది. ప్రొబేషన్‌లో, అంటే కొత్తగా చేరి ఇంకా పనితీరు చూస్తున్న గడువులో, ఉన్నవాళ్ళను నోటీసు కూడా ఇవ్వకుండా ఆ రోజుకారోజే పంపించేయొచ్చు. ఈ అమ్మాయిని ఒక గురువారం ఆఖరి పీరియడ్ అయ్యాక ఆఫీసుకు పిలిచారు. మాకు శుక్రవారం సెలవు కాబట్టి గురువారం మధ్యాహ్నానికే అందరూ బస్సులెక్కి వెళ్ళిపోయేవాళ్ళం, పక్కన ఉండి ఒక మాట చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. "మేం తీసేశామని రాస్తే నీ రికార్డు పాడవుతుంది, నువ్వే మానేస్తున్నట్టు రాసివ్వు, మంచి సర్టిఫికెట్ ఇస్తాం" అన్నారు. ఆ మాట సాయం చేస్తున్నట్టే ఉంది కదా, నమ్మేసింది. ఒక కాగితం రాజీనామా. రెండోది అరబిక్‌లో సగం, ఇంగ్లీషులో సగం, తనకు రావాల్సిన డబ్బంతా ముట్టిందని, ఇక ఏ బాకీ లేదని. అప్పటికి ఆమె చేతికి ఒక్క దిర్హామ్ కూడా రాలేదు. ఎందుకు పెట్టావని తర్వాత అడిగితే ఏమందో తెలుసా? "ఆ గదిలోంచి ఎంత త్వరగా బయటపడితే అంత చాలు అనిపించింది మేడమ్" అంది. చదవలేక కాదు, తెలివి లేక కాదు. క్లర్కు చూస్తున్నాడు, అటెండరు టీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు, వాళ్ళ ముందు కళ్ళల్లో నీళ్ళు రాకూడదని ఆ తొందరలో సంతకం పెట్టేసింది.

తర్వాత ఆ నెల జీతం అడిగితే, ముట్టిందని నువ్వే సంతకం పెట్టావుగా అన్నారు. తిరుగు టికెట్ అడిగితే, నువ్వే మానేశావుగా అన్నారు. రెంటికీ ఆమె చేతిరాతనే చూపించారు. ఇంటికి మాత్రం స్కూల్ బాగుందనే ఉత్తరాలు రాస్తూ వచ్చింది, వాళ్ళ నాన్న ఏజెంటుకు కట్టడానికి అప్పు చేశాడని. మేం స్టాఫ్‌రూమ్‌లో తలా కొంత వేసుకుని టికెట్ కొన్నాం. ఎయిర్‌పోర్టులో కూడా ఆమె బాధ ఉద్యోగం పోయినందుకు కాదు, ఇంట్లో ఏం చెప్పాలా అని. మంచి టీచరు, లావణ్యా. పిల్లలు ఆమె క్లాసుకు పరుగెత్తుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆ తర్వాత మళ్ళీ గల్ఫ్ వైపు రాలేదు.

నీకు కూడా సిగ్గు ఎక్కువ. చిన్నప్పుడు మార్కులు తక్కువొస్తే ప్రోగ్రెస్ కార్డు పుస్తకాల అడుగున దాచేదానివి. అందుకే నాకు భయం.

ఇప్పుడు చట్టం నీకు కాస్త మేలుగానే ఉంది. 2021లో కొత్త కార్మిక చట్టం చేశారు, 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆలోపు తీసెయ్యాలంటే కనీసం 14 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అదే నువ్వు రాజీనామా చేసి అక్కడే ఇంకో స్కూల్లో చేరాలంటే నెల ముందు చెప్పాలి, పైగా నిన్ను తెచ్చుకోవడానికి ఈ స్కూల్ పెట్టిన ఖర్చు ఆ కొత్త స్కూల్ ఇచ్చుకోవాలి. చూశావా, "నువ్వే మానేసినట్టు రాయి" అనే మాటలో ఎంత ఉందో! ఏ కొత్త ప్రిన్సిపాల్ ఆ ఖర్చు నెత్తిన వేసుకుని నిన్ను చేర్చుకుంటాడు? వాళ్ళు తీసేస్తున్నారు, తీసేసినట్టే రాయనీ. నీ పరువేం పోదు. పని ముగిశాక అడిగితే అనుభవ పత్రం ఉచితంగా ఇవ్వాలి, అందులో నీ పేరు చెడగొట్టే మాట ఉండకూడదు. అది కూడా చట్టంలోనే ఉంది, కాబట్టి బతిమాలుకున్నట్టు కాకుండా మామూలుగా అడుగు.

రావాల్సిన జీతం కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే మోహ్రే అని పిలిచే కార్మిక శాఖకు యాప్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. 50,000 దిర్హాముల లోపు తగాదా అయితే వాళ్ళే తేల్చేస్తారు. లక్ష లోపయితే కోర్టు ఫీజు కూడా ఉండదు. ఎలా రాయాలో తెలియకపోతే దుబాయ్‌లో మన కాన్సులేట్ వాళ్ళ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, వెళ్ళి అడుగు. డబ్బు బ్యాంకులో పడ్డాకే "ముట్టింది" అనే కాగితం. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉంటే తీసుకో, పెట్టుకునే హక్కు వాళ్ళకు లేదు. అటెస్టేషన్ చేయించిన బీఈడీ, డిగ్రీ ఒరిజినల్స్ కూడా ఆఫీసు ఫైల్లో మిగిలిపోకుండా చూసుకో. వాటి మీద స్టాంపులు వేయించడానికి మీ నాన్న ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో నీకు తెలుసు.

నోటీసు రోజులు అయ్యేదాకా రోజూ స్కూల్‌కు వెళ్ళు. ఎవరి మొహం చూడాలన్నా కష్టంగానే ఉంటుంది, తెలుసు. అయినా వెళ్ళు, అటెండెన్స్ వెయ్యి, పాఠం చెప్పు. చెప్పాపెట్టకుండా వారం దాటి మానేస్తే పారిపోయినట్టు కేసు పెట్టే వీలుంటుంది. అబ్‌స్కాండింగ్ అంటారే, అదే. అది పడితే ఇంకో ఉద్యోగం మాట దేవుడెరుగు, ముందు అది తీయించుకోవడానికే చాలా తిరగాలి. వద్దు, రానక్కర్లేదు అని వాళ్ళే అంటే ఆ మాట మెయిల్లో పెట్టమను. ఇంకో సంగతి, ప్రొబేషన్‌లో జ్వరమొచ్చి సెలవు పెడితే జీతం ఇవ్వాలని లేదు. కాబట్టి ఆ రోజులకు డబ్బు కోసేస్తే దాని మీద పోట్లాడకు.

ఉద్యోగం పోయినవాళ్ళకు ఇన్సూరెన్సు వస్తుందని ఎవరో అన్నారట. 2023 నుంచి అందరూ కడుతున్నదే అది, నెలకు ఐదు దిర్హాములది. కానీ వరసగా 12 నెలలు కట్టినవాళ్ళకే డబ్బొస్తుంది. నీకు రాదు. దాన్ని లెక్కలో వేసుకోకు.

వీసా క్యాన్సిల్ అయ్యాక ఎన్నాళ్ళు ఉండొచ్చనేది అందరికీ ఒకేలా ఉండదు. క్యాన్సిలేషన్ కాగితం మీద ఉన్న తేదీ చూడు, రూమ్మేట్ చెప్పింది నమ్మకు. ఆ తేదీ దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. ఆలోపు దొరక్కపోతే ఉద్యోగం వెతుక్కోవడానికని 60, 90, 120 రోజుల విజిట్ వీసాలు ఇస్తున్నారు, నీకు డిగ్రీ ఉంది కాబట్టి దానికి ప్రయత్నించొచ్చు. అయితే ఆ వీసా మీద పనిచెయ్యకూడదు. "ముందు క్లాసులు మొదలుపెట్టండి మేడమ్, వీసా తర్వాత వేస్తాం" అనే స్కూల్ ఏదైనా సరే, ఎంత జీతం చెప్పినా సరే, లోపల అడుగు పెట్టకు.

ఇక ట్యూషన్లు. పర్మిట్ లేకుండా వద్దమ్మా. మా రోజుల్లో అందరూ దొంగచాటుగా చెప్పేవాళ్ళు, నిజమే, తలుపు కొట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడేవాళ్ళు కూడా. ఇప్పుడా అవసరం లేదు. 2023 డిసెంబరు నుంచి ప్రైవేటు ట్యూషన్లకు పర్మిట్ ఇస్తున్నారు, ఫీజు లేదు, రెండేళ్ళు చెల్లుతుంది, ఉద్యోగం లేనివాళ్ళు కూడా పెట్టుకోవచ్చు. కానీ అది వీసా కాదు. అక్కడ ఉండటానికి వీసా వేరేగా ఉండాలి. ముందు ఆ దారి చూసుకుని తర్వాత పర్మిట్, తర్వాత పిల్లలు. ఈ వరస తప్పి, ఏ తల్లో "మా బాబుకు ఒక్క గంట చెప్పండి" అని బతిమాలిందని వెళ్ళావా, నేను నీతో మాట్లాడను. మాట్లాడతాననుకో, కానీ చాలా బాధపడతాను.

తీసేయడానికి కారణం క్లాస్ అబ్జర్వేషన్ బాగోలేదన్నారట. ఇది నిన్ను నొప్పించడానికి చెప్పడం లేదు. నువ్వు బోర్డు మీద లెక్క చేస్తుంటే చూడ ముచ్చటగా ఉంటుంది, నేను చూశాను. మన దగ్గర కాలేజీల్లో పాఠం అంటే అదే, టీచర్ చేసి చూపించడం, పిల్లలు దించుకోవడం, వారం వారం పరీక్ష. అక్కడ అబ్జర్వేషన్‌కు వచ్చి గది వెనకాల కూర్చున్న మనిషి నీ బోర్డు చూడడు. పిల్లలేం చేస్తున్నారో చూస్తాడు. వెనక బెంచీ పిల్లాడికి అర్థమైందో లేదో నువ్వు ఎలా కనుక్కున్నావు, చురుకైన పిల్లకు వేరే పని ఏమిచ్చావు, లెసన్ ప్లాన్‌లో రాసినదీ క్లాసులో జరిగినదీ ఒకటేనా, ఇవీ వాళ్ళ ప్రశ్నలు. దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్ళను చూసుకునే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు కూడా ఇలాంటివే అడుగుతారు, అందుకే మేనేజ్‌మెంట్లకు అంత టెన్షన్. నీకు లెక్కలు రాక తీసేశారనుకోకు. ఆ పద్ధతి నీకు ఎవరూ నేర్పలేదు. ఈ మిగిలిన రోజుల్లో ఆ స్కూల్లోనే బాగా చెప్పే టీచర్ ఎవరో చూసి, ఆమె క్లాసులో వెనక కూర్చుంటానని అడుగు. ప్రిన్సిపాల్‌ను కూడా ఏది తక్కువైందో రెండు వాక్యాలు రాసిమ్మను, ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు.

స్కూల్ ఎక్కడ వెతకాలంటావా, ఏప్రిల్‌లో మొదలయ్యే మన సిలబస్ స్కూళ్ళ మీదే కూర్చోకు. ఏడాది మధ్యలో ఖాళీలు ఎక్కువగా ప్రసూతి సెలవుల మీద వెళ్ళే టీచర్ల చోట వస్తుంటాయి. చిన్న స్కూళ్ళకు నేరుగా మెయిల్ పెట్టు. షార్జాలో అయితే అక్కడి ప్రైవేట్ ఎడ్యుకేషన్ అథారిటీ అనుమతి మళ్ళీ విడిగా కావాలి, దుబాయ్ అనుమతి అక్కడ చెల్లదు, ఆ టైమ్ కూడా లెక్కేసుకో. ఇంటర్వ్యూలో పాత స్కూల్ గురించి అడిగితే దాచకు. "ప్రొబేషన్‌లో కొనసాగించలేదు, అబ్జర్వేషన్‌లో ఫలానాది తక్కువన్నారు, దాని మీద ఇది చేస్తున్నాను" అని చెప్పి ఊరుకో. ఆ స్కూల్‌ను తిట్టొద్దు, ఎంత మండినా.

ఇంటి విషయం. మీ నాన్నకు నువ్వే చెప్పు, మీ అమ్మ చేత చెప్పించకు. కోప్పడతాడు, రెండు రోజులు మాట్లాడడు, మూడో రోజు తనే ఫోన్ చేస్తాడు. నా మరిది సంగతి నాకు తెలియదా! తమ్ముడి ఫీజు ఈ టర్మ్ నేను కడుతున్నాను, అది నీ నెత్తిన లేదనుకుని ఊపిరి పీల్చుకో. అల్ నహ్దాలో నీ బెడ్‌స్పేస్, అదే గదిలో నీ మంచం, అద్దె రెండు నెలలకు కూడా పంపుతాను. తిరిగిస్తానంటావు, ఇద్దువుగాని, ముందు తీసుకో. రెండు నెలలూ వెతుకు, గట్టిగా వెతుకు, ఎవరికీ భయపడకు. అప్పటికీ కుదరకపోతే వీసా గడువు తేదీలోపు వచ్చెయ్యి, మళ్ళీ వెళ్దువుగాని. టికెట్ స్కూల్ ఇవ్వాలేమో నీ కాంట్రాక్టు చూశాక చెప్తాను.

అన్నం మానెయ్యకు. రాత్రిళ్ళు గదిలో ఒక్కదానివే కూర్చోకు, పైఅంతస్తులో ఆ విజయనగరం అమ్మాయి ఉందన్నావుగా, ఆమెతో కలిసి కాసేపు నడువు.

రేపు స్కూల్ నుంచి రాగానే నోటీసు, ఆఫర్ లెటర్, కాంట్రాక్టు మూడూ ఫోటోలు తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. కాంట్రాక్టు అన్ని పేజీలూ, అరబిక్ వైపు కూడా. నేను చదివాక ఫోన్ చేస్తాను. అప్పటిదాకా పెన్ను ముట్టకు.

నీ పెద్దమ్మ