విశాఖపట్నంలో ఉంటూ జపనీస్ భాషాశాస్త్రంలో అధ్యాపక వృత్తిని ఆశించవచ్చా?

విశాఖలో డిగ్రీ చదువుతూ, జపనీస్ భాషను బోధించాలనీ పరిశోధించాలనీ కోరుకుంటున్నానన్నారు. తప్పకుండా ఆశించవచ్చు, కానీ ఇది పదేళ్ల ప్రయాణమని ముందే తెలుసుకోవాలి.

తెలుగువారికి ఇందులో పుట్టుకతో వచ్చిన సౌలభ్యం ఉంది. ‘నిన్న వచ్చిన మనిషి’ని జపనీస్‌లో ‘కినో కితా హితో’ అంటారు. మాటల వరుస అచ్చంగా మనదే. ‘కితే’ అంటే ‘వచ్చి’, ‘కిత్తే’ అంటే తపాలా బిళ్ళ. ఎందరో విదేశీయులు తడబడే ఈ తేడా, ద్విత్వాక్షరాలతో పెరిగిన మన చెవికి వెంటనే అందుతుంది. అయితే దేని గురించి మాట్లాడుతున్నామో చెప్పే ‘వ’, కర్తను చూపే ‘గ’ అనే జపనీస్ ప్రత్యయాల మధ్య భేదానికి తెలుగులో సూటి సమానార్థకం లేదు. నా దృష్టిలో తెలుగు పరిశోధకుడికి అసలైన పరిశోధనా క్షేత్రం అదే. రెండు భాషల పోలికను చూసి చుట్టరికం ఉందనుకోవద్దు. జపాన్ భాషావేత్త సుసుము ఓనో జపనీస్‌కు తమిళంతో కలిపిన బంధుత్వాన్ని భాషావేత్తలు అధికశాతం అంగీకరించలేదు.

చదువు విషయానికొస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర విభాగం ఉంది; జపనీస్‌ కోసం హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఢిల్లీలోని జేఎన్‌యూ, శాంతినికేతన్‌లోని విశ్వభారతి వైపు చూడాలి. జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష అయిన జేఎల్‌పీటీలో ఎన్5 తొలిమెట్టు, ఎన్1 చివరిది. పరిశోధనకు కనీసం ఎన్2 స్థాయి పట్టు ఉండాలని నా అభిప్రాయం. అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో జపనీస్ ఒక సబ్జెక్టుగా ఉంది. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ ఉపకార వేతనానికి దరఖాస్తు చేసేవారు పరిశోధన ప్రణాళికను శ్రద్ధగా రాయాలి. ‘జపనీస్ వ్యాకరణం’ అని కాకుండా, ‘తెలుగు విద్యార్థులు వ, గ ప్రత్యయాలను నేర్చుకునే తీరు’ అన్నంత నిర్దిష్టంగా అంశాన్ని ఎంచుకోండి.